తీగ మీద చిత్తు కాగితాలు

బట్టలారేసి, మిగిలిన క్లిప్పులన్నీ ఆమె బ్యాగులో వేసుకుంటుంటే వెనకనుంచి అత్తగారు అంది: "బళ్లో కూడా చాకిరేవు పెట్టావా తల్లీ? ఇక్కడ తువ్వాళ్లు గాలికెగిరిపోతున్నాయి."

"పిల్లల కాగితాలకత్తయ్యా."

"బాగుంది సంబడం!"

తొమ్మిదో తరగతి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి ఆమె కట్టిన తీగ ఉంది. పిల్లలు వ్యాసం రాస్తే అందరూ సాపు ప్రతి అడుగుతారు. ఆమె చిత్తు ప్రతి అడుగుతుంది. కొట్టివేతలతో, ఎంగిలి వేలితో చెరిపిన మరకలతో సహా అది తీగకెక్కాలి. పైన రాసినవాళ్ల పేరుండాలి. మొదట్లో పిల్లలు సిగ్గుతో చచ్చిపోయారు. "కొట్టేశారంటే ఆలోచించారన్నమాట. దాచుకోవడమెందుకు?" అనేది. నాలుగు వాక్యాలకే చెమటలు పట్టిన పిల్లలు రెండేళ్లలో నాలుగు పేజీలు రాస్తున్నారు. అది చూడటానికే ఇవాళ పై అధికారులు వస్తున్నారు.

మాట్లాడేది మాత్రం హెడ్మాస్టరు. "మీకు రాయడం వచ్చు, నాకు చెప్పడం వచ్చు. ఓ తొమ్మిది పేజీలు రాసిపెట్టండి. అన్నట్టు, టీలవీ కూడా కాస్త చూసుకోండమ్మా, ఆడవాళ్ల చెయ్యి పడితే ఆ అందమే వేరు" అన్నాడు. పదిరోజులు కుక్కరు కూతల మధ్య, వంటగట్టు మీద రాసింది. సాపు ప్రతి ఇచ్చింది. ఆమె "నేను" అని రాసుకున్న చోటల్లా ఆయన "నేను"గానే ఉంచుకున్నాడు.

భర్తతో చెప్పుకుంటే, "పని జరిగిందా లేదా? ఎవరి పేరైతే ఏం? నీకు మరీ ఇంత పేరాశేమిటే" అని నవ్వాడు. నవ్వడూ మరి! పోయినేడు వాళ్ల ఆఫీసులో అతను చదివిన వీడ్కోలు ప్రసంగం ఆమె రాసిందే. అందరూ మెచ్చుకుంటే, "ఏదో, అప్పటికప్పుడు తోచింది" అన్నాడు. మూడో వరసలో కూర్చుని ఆమె కూడా చప్పట్లు కొట్టింది. తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు మండుతాయి.

ఆమె కాగితాలు తగిలిస్తుంటే ముందు బెంచీ పిల్ల అడిగింది: "టీచర్, మీరూ రాస్తారుగా. మీ చిత్తు కాగితం ఎప్పుడూ తగిలించరేం?"

ఆమె చేతిలో క్లిప్పు ఆగిపోయింది.

సంతకం రాని అమ్మ వేలిముద్ర వేసేది. ఎక్కడ వేసినా అది అమ్మ వేలే. వాళ్లింట్లో మొదట చదువుకున్నది తను. రాసిందంతా ఎవరెవరి పేర్ల కిందకో మోసుకెళ్లి ఇచ్చింది. వాళ్లు అడిగారు సరే, ఇచ్చిందెవరు? కోపం హెడ్మాస్టరు మీదనుంచి మొగుడి మీదకి, అక్కణ్ణుంచి తిన్నగా తన మీదకే వచ్చింది.

బ్యాగు అడుగునున్న చిత్తు ప్రతి తీసింది. నూనె మరకలు, కొట్టివేతలు, తొమ్మిది పేజీలు. ప్రతి పేజీ పైనా తన పేరు రాసి, తొమ్మిది క్లిప్పులు పెట్టింది.

అధికారులొచ్చారు. హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "రాయడమంటే భయపడని పిల్లలుండరు. ఆ భయాన్ని నేను..."

తీగ దగ్గర నిలబడ్డ అధికారిణి వేలు, మూడుసార్లు కొట్టేసి నాలుగోసారి రాసిన అదే వాక్యం మీద, ఆయన మాటతోపాటే కదులుతోంది. వేలు పైకి, పేరు దాకా వెళ్లింది. హెడ్మాస్టరు అటు చూశాడు.

"ఏమ్మా, ముందా కాగితాలు తీసేసి టీ సంగతి చూడండి."

ఆమె పిల్లల బెంచీ మీంచి లేవలేదు.

"ఇంకా ఆరలేదు సార్. తియ్యను."