చదవడం వచ్చేస్తే

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటుంది. నా కూతురికి చదవడం వచ్చేస్తుందేమోనని.

కన్నతల్లికి ఇదేం భయమని నొసలు చిట్లించే ముందు మీరు మా ఇంటి సాయంత్రం ఒకటి చూడాలి. పొయ్యి మీద పాలు పొంగుతుంటాయి. హాల్లోంచి అత్తగారు, "అమ్మాయ్, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావ్?" అంటుంటారు. ఆయన దుకాణం నుంచి వచ్చి తువ్వాలు అడుగుతారు, తువ్వాలేమో ఆయన వెనకే తీగ మీద వేలాడుతుంటుంది. ఇంత గోలలోనూ పాపని మంచం మీద కూర్చోబెట్టుకుని కథల పుస్తకం తెరిచానంటే ఇల్లంతా మర్యాద నేర్చుకుంటుంది. "పాపకి చదువుతోందిరా, పిలవకు," అని అత్తగారే ఆయన్ని ఆపుతారు. నా కోసమని కూర్చుంటే ఐదు నిమిషాలు దక్కవు. పాప పేరు చెబితే అరగంట దక్కుతుంది.

ఆ అరగంటా నేను చదివేది నాకోసమే. తొమ్మిదో తరగతి మధ్యలో మా అమ్మకి జబ్బు చేస్తే, వంటకి మనిషి కావాలని నన్ను బడి మాన్పించారు. చిన్నప్పటి బొమ్మల కథల పుస్తకాలు మాత్రం నా దగ్గర మిగిలాయి. అత్తారింటికి వచ్చేటప్పుడు చీరల మధ్య పెట్టుకుని వాటినే తెచ్చుకున్నాను. పెద్దవాళ్ళ నవలలు ప్రయత్నించకపోలేదు. ఏ పేజీలో ఎవరు పోతారో, ఎవరిని ఎవరు వదిలేస్తారోనని గుండె దడదడలాడి మూసేస్తాను. అసలే నాది ప్రతిదానికీ బెంగపడే ప్రాణం. గ్యాస్ కట్టేశానా, తలుపు గడియ పడిందా, పాపది మామూలు దగ్గేనా అని చూసిందే చూస్తుంటాను. నా బొమ్మల పుస్తకాల్లోని ఎలుగుబంటి కథలో ఆ గొడవ లేదు. ఆ ఎలుగుబంటి తన మంచం నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరుగుతుంది. అలసిపోయిన చోట మంచం దింపుకుని పడుకుంటుంది. నడివీధిలో పడుకున్నా జనం చుట్టూ తిరిగి పోతారే తప్ప ఒక్కరూ లేపరు. కథలో వాన పడుతుంది. నా చిన్నప్పుడు ఏ పేజీలో ఆగిందో ఇప్పటికీ ఆ పేజీలోనే ఆగుతుంది. మా ఇంట్లో ఏదైనా మొదలైతే ఎప్పుడు ఆగుతుందో నాకెన్నడూ తెలియదు.

"మన ఇంట్లో పిల్లలు ఇద్దరు. చిన్నది ఎదుగుతోంది, పెద్దదానితోనే చిక్కు," అని ఆయన అందరినీ నవ్విస్తుంటారు. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే అదొక గొడవ.

పాప బడిలో చేరినప్పటినుంచీ నాకు లోపల గుబులు. అక్షరాలు వచ్చాయి, గుణింతాలు వచ్చాయి. పదాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "నాకు రాదమ్మా, నువ్వే చదువు," అంటూ నా ఒళ్ళోకి దూరేది. వాళ్ళ నాన్న వేలు పెట్టి చూపిస్తే నేలచూపులు చూసేది.

"అంతా తల్లి పోలికే. బుర్ర కాస్త మందం," అనేవారాయన.

నాకు చివుక్కుమనేది. ఆ వెంటనే హమ్మయ్య అనిపించేది. ఎందుకు హమ్మయ్య అనుకున్నానా అని నామీద నాకే ఒళ్ళు మండేది.

నిన్న బడి గేటు దగ్గర టీచరమ్మ నన్ను ఆపారు.

"మీ అమ్మాయి భలే చదువుతుందండీ! ఏడ్చే పిల్లల్ని దాని పక్కన కూర్చోబెడితే చాలు, గొంతు మార్చి మార్చి కథలు చదివేసి ఊరుకోబెడుతుంది. మీరేనా నేర్పింది?"

"మా పాపా? దానికి చదవడం రాదండీ."

"భలేవారే! మా క్లాసులో ఉన్న పుస్తకాలు దానికి చాలట్లేదు."

వీధి మలుపు తిరిగాక పాపని అడిగాను.

"నీకు చదవడం వచ్చా?"

పాప నడక ఆపేసింది. "టీచర్ చెప్పేసిందా?"

"మరి ఇంట్లో రాదంటావేం?"

"నాన్నమ్మకి చెప్పకమ్మా. నాకు వచ్చేసిందని తెలిస్తే, 'అదే చదువుకుంటుందిలే, నువ్వు లేచి రా' అంటుంది నిన్ను. అప్పుడు నీకు ఎలుగుబంటి ఉండదుగా."

"నాన్న బుర్ర మందం అన్నా ఊరుకున్నావా?"

"నిన్ను కూడా అంటారుగా. నువ్వూ ఊరుకుంటావుగా," అంది, అదేమంత పెద్ద విషయమన్నట్టు.

ఆరేళ్ళ పిల్ల. ఇంకొకరు సుఖంగా ఉండడానికి తనకి వచ్చినదాన్ని రాదని చెప్పడం దానికి అప్పుడే అలవాటైపోయింది. నేను ఇన్నాళ్ళూ భయపడాల్సింది దీనికి. నా అరగంటని నా కూతురు మోస్తోంది. రోడ్డు మీద ఉన్నామని కూడా చూడకుండా దాన్ని ఎత్తుకుని, ఇల్లు వచ్చేదాకా దించలేదు.

సాయంత్రం హాల్లో వాళ్ళ నాన్నమ్మ పక్కన కూర్చోబెట్టి పుస్తకం చేతికిచ్చాను. "చదువు తల్లీ. పైకి చదువు." పాప బెదురుగా నా వంక చూసింది. తల ఊపాను. మొదట గొణిగింది, తర్వాత గొంతు లేచింది. ఆయన టీవీ ఆపేశారు.

"ఓసి నీ అల్లరి కూలా! ఎప్పుడు నేర్చావే ఇదంతా?" అని అత్తగారు మురిసిపోయి, నేను అనుకున్నట్టే నావైపు తిరిగారు. "ఇక నీకు ఆ పనీ తప్పింది. వెళ్ళి కూర తరుగు."

నేను గదిలోకి వెళ్ళి ఇంకో పుస్తకం తీసి మంచం మీద కూర్చున్నాను.

"అమ్మాయ్, పాప ఇక్కడుంటే అక్కడ ఎవరికి చదువుతున్నావ్?"

"నాకే అత్తయ్యా. అరగంటాగి వస్తాను."

ఒక్క అక్షరం కంటికి ఆనలేదు. అయినా లేవలేదు, పేజీ తిప్పాను.

మీరు ఇది పక్కన పెట్టేముందు ఒక్క పని చేసిపెట్టండి. మీ ఇంట్లో ఏ ఆడపిల్లయినా "నాకు రాదు" అంటుంటే, ఒకసారి వెళ్ళి దాని పక్కన కూర్చోండి. నిజంగా రాదో, ఎవరికోసం రాదంటోందో మెల్లగా కనుక్కోండి.