సామాన్ల లిస్టులో సిపాయి

ఆదివారం పొద్దున ఏడున్నరకల్లా భద్రాచలం బస్టాండు పక్కన తూఫాన్ బండి వచ్చి ఆగుతుంది. గుడిలో దర్శనం అయిపోయి, సాయంత్రం బస్సు దాకా ఏం చేయాలో తోచని వాళ్ళు అందులో ఎక్కుతారు. గైడు కళావతి డోరు దగ్గర నిలబడి ఎక్కిన వాళ్ళను వేలితో లెక్కపెడుతుంది. పన్నెండు మంది అయ్యారంటే డ్రైవర్ మంగీలాల్ బండి తీస్తాడు. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఇదే తంతు. ఒకసారి మధిర నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు టూరులో చూపించే ఉత్తుత్తి కోటలో, రాజుగారి సింహాసనం మీద కునుకు తీస్తుంటే చూసుకోకుండా వదిలేసి వచ్చారు. అప్పటి నుంచి రెండుసార్లు లెక్కపెట్టందే ఆమె బండి కదలనివ్వదు. మనిషిని మరిచిపోయి వెళ్ళిపోవడం ఎంత తప్పో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

పర్ణశాల చూపించి, పులిహోర పొట్లాలు పంచి, దుమ్ముగూడెం అవతల అడవి అంచున ఉన్న సెట్టింగుల దగ్గరికి తీసుకెళ్ళడం ఈ టూరు. నాలుగేళ్ళ కింద, అంటే రెండు వేల మూడులో, హైదరాబాదు కంపెనీ ఒకటి రాజుల కాలం టీవీ సీరియల్ తీయడానికి అక్కడ కోట కట్టింది. సీరియల్ పదకొండు వారాలు వచ్చి ఆగిపోయింది. కంపెనీ పోయింది, కోట మిగిలింది. దాన్ని చూడటానికి జనం నడిచి మరీ వెళుతున్నారని తెలిసి ట్రావెల్స్ సాంబమూర్తి ఈ బండి పెట్టాడు. జనం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఖమ్మం నడిబొడ్డున అసలు సిసలు రాతికోట ఉంటే, దాని పక్క నుంచే బస్సెక్కి ఈ చెక్కకోట చూడటానికి వస్తారు.

కళావతికి చెప్పాల్సినవన్నీ నోటికి వచ్చు. "ఈ ఫిరంగి థర్మాకోల్ది. చిటికెన వేలుతో లేపొచ్చు, లేపి చూడుండ్రి. ఈ బాయి మూడడుగుల లోతే, నీళ్ళు గీసినయి. ఇది దర్బారు. వెనక గోడ లేదు, అడివే గోడ." జనం ఫిరంగి ఎత్తి నవ్వుతారు, సింహాసనం మీద కూర్చుని ఫొటోలు దిగుతారు. చివరికి అందర్నీ కోట గుమ్మం దగ్గరికి తెస్తుంది. గుమ్మానికి ఎడమ పక్కన పగిడయ్య నిలబడి ఉంటాడు.

నాలుగేళ్ళుగా నిలబడే ఉన్నాడు. నెత్తిన రేకు టోపీ, ఒంటి మీద ఎర్ర అంగరఖా, చేతిలో ఈటె, చూపు తిన్నగా ముందుకు. సీరియల్ వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నలభై మందిని సిపాయిలుగా పెట్టుకున్నారు. ఒక రోజు రాణి పల్లకి గుమ్మం దాటిపోయే షాట్. "కట్ చెప్పేదాకా ఎవ్వరూ కదలొద్దు" అని చెప్పారు. మైకులో యాక్షన్ అని వినిపించింది. పల్లకి ఇంకా గుమ్మం దాటలేదు, గోదావరి మీద నుంచి గాలివాన లేచింది. జనరేటరు ఆగింది, గొడుగులు ఎగిరిపోయాయి, నలభై మందిలో ముప్పైతొమ్మిది మంది అంగరఖాలు తల మీద కప్పుకుని పరుగెత్తారు. కంపెనీ అదే సాయంత్రం మూటాముల్లె సర్దుకుంది. కట్ మాత్రం ఎవరూ చెప్పలేదు.

మొదటి రోజు ఊరు నవ్వింది. రెండో రోజు పెద్దలు వచ్చి బతిమాలారు. మూడో రోజు కాంపౌండరు వచ్చి నాడి పట్టుకుని, మనిషి బాగానే ఉన్నాడన్నాడు. తర్వాత అలవాటైపోయింది. ఆకలి లేదు, గడ్డం పెరగదు. ఇప్పచెట్టు ఎందుకు నిలబడిందని ఎవరైనా అడుగుతారా? పగిడయ్యను కూడా ఎవరూ అడగలేదు.

పైగా అతని సంగతి అందరికీ తెలుసు. పెళ్ళికి ముందు ఇల్లెందు వైపు బొగ్గుబాయిలో తొట్లు లాగే మిషను నడిపేవాడు. గంట కొట్టి ఆపమన్న మనిషే మళ్ళీ గంట కొట్టి నడపమనాలి, అది బాయి కట్టుబాటు. ఒకరోజు ఆపినవాడు ఒకడు, "పోనీ" అన్నవాడు ఇంకొకడు. పగిడయ్య పోనిచ్చాడు. తొట్ల మధ్య హీరాలాల్ అనే దోస్తు పాదం పోయింది. ఆ రోజు నుంచి, ఒకరు చెప్పిన పని ఇంకొకరు ఆపమంటే ఆపే మనిషి కాడు. కనుక ఊరంతా కట్ కట్ అని అరిచినా అతను కదలలేదంటే ఎవరికీ కోపం రాలేదు. యాక్షన్ అన్న గొంతే కట్ అనాలి. ఆ గొంతు ఎవరిదో మాత్రం తెలియదు. డైరెక్టరుకు ఆ రోజు జ్వరమట, మైకు ఎవరి చేతికో ఇచ్చారట. దూరం నుంచి మైకులో విన్న గొంతు ఆడో మగో కూడా సిపాయిలు తేల్చి చెప్పలేకపోయారు. కంపెనీకి రాయించిన ఉత్తరాలు తిరిగి వచ్చాయి.

పగిడయ్య కళావతి పెనిమిటి. ఈ సంగతి టూరులో ఎత్తకూడదన్నది సాంబమూర్తి షరతు.

"మొగుడని చెప్తే చూసేటోళ్ళ మనసు ఖరాబైతది కళావతీ. నాలుగు గంటలు సంబురంగ తిరగడానికి వచ్చినోళ్ళు ఏడ్చుకుంట పోవద్దు. కంపెనీ మనిషి, ముందూ వెనకా ఎవ్వరూ లేరు అని చెప్పు."

ఆమె సరేనంది. ఆ గొంతు ఎప్పటికైనా వస్తే ఈ బండిలోనే రావాలి, బండి డోరు దగ్గర తను ఉండాలి. అందుకని ప్రతి ఆదివారం, కన్న తల్లి కూడా లేనట్టు, "ఈయన కంపెనీ మనిషి, ఈయనకు ఎవ్వరూ లేరు" అని చెప్పేది. తర్వాత అందరితో ఒక్కొక్కరుగా కట్ అనిపించేది. జనానికి అదొక ఆట. పిల్లలు అరుస్తారు, కొత్తగా పెళ్ళయిన జంటలు సిగ్గుపడుతూ అంటారు. ఆమె పగిడయ్య కనురెప్పల వంక చూస్తూ నిలబడుతుంది. ఎవరూ చూడనప్పుడు కొంగుతో అతని ముక్కు మీద ఈగను తోలుతుంది. వెళ్ళేటప్పుడు అతని చెవి దగ్గర నోరు పెట్టి "పోయొస్తా" అంటుంది.

ఆమె చేతిసంచిలో ఎప్పుడూ ఒక లుంగీ, ఒక నీలం చొక్కా ఉంటాయి. పొద్దున మడత పెట్టి తెస్తుంది, సాయంత్రం అదే మడతతో తీసుకెళుతుంది. ఇంట్లో రెండు మంచాలు. ఒక దాని మీద పడుకుంటుంది, రెండో దాని మీద తునికాకు కట్టలు పెడుతుంది, ఖాళీగా కనపడకుండా. అన్నం ఒక్కదానికే వండుకోవడం ఆమెకు ఈ నాలుగేళ్ళలో చేతకాలేదు. ప్రతి పొద్దునా గిన్నెలో చద్ది మిగిలే ఉంటుంది. పోయిన ఎండాకాలం అత్త ఆదెమ్మ పోయింది. పాడెను కోట గుమ్మం ముందు నుంచి తీసుకెళ్ళి, ఒక్క నిమిషం దింపారు. పగిడయ్య చూపు కదలలేదు. ఎడమ కంట్లోంచి మాత్రం ఒక చుక్క కారింది. చెమట అన్నారు కొందరు. కళావతి కొంగుతో తుడిచింది.

ఇలా ఎంతకాలం నడిచేదో గానీ, కంపెనీ ఉన్నట్టుండి కోటను గుర్తు చేసుకుంది. సామాను విప్పి హైదరాబాదు తరలించడానికి శ్రీశైలం అనే కాంట్రాక్టరును పంపింది. శనివారం అతను కాగితం పట్టుకుని కోటంతా తిరుగుతుంటే కళావతి వెంట తిరిగింది. తలుపులు రెండు, ఫిరంగి ఒకటి, సింహాసనం ఒకటి, సిపాయి ఒకటి.

"సిపాయి ఒకటి అని రాసినవేంది?" అని అడిగింది.

"లిస్టుల ఉన్నదంతా గోదాముకు పోవాలె అక్కా. డ్రెస్సు కంపెనీది, ఈటె కంపెనీది. మనిషిని అండ్లకెళ్ళి ఎట్ల తియ్యాలె? చెయ్యి వంగదాయె."

"మనిషిని లారీల ఏసుకపోతవా?"

"గడ్డి పరిచి పండబెడత. దెబ్బ తగలనియ్య. మంచి గోదాము అక్కా, వాన గూడ పడదు." శ్రీశైలం చెడ్డవాడు కాదు. చెప్పిన పని చేసేవాడు. అలాంటి వాళ్ళతో వాదించి లాభం లేదని నాలుగేళ్ళుగా ఆమెకు తెలుసు. లారీలు సోమవారం పొద్దున వస్తాయన్నాడు.

ఆదివారం చివరి టూరుకు పన్నెండు మంది ఎక్కారు. అందులో ఒక అమ్మాయి ఒంటరిగా వచ్చింది. పాతికేళ్ళు దాటి ఉంటాయి, కళ్ళద్దాలు, తల చుట్టూ చున్నీ. ఈ టూరుకు ఒంటరిగా ఎవరూ రారు. పర్ణశాల దగ్గర దిగలేదు, పులిహోర తినలేదు. సెట్టింగుల దగ్గర కూడా తలనొప్పి అని వెనక సీట్లోనే ఉండిపోయింది. మంగీలాల్ బండిని గుమ్మం పక్కన నీడలో పెట్టాడు.

కళావతి ఫిరంగి చూపించింది, బావి చూపించింది. గుమ్మం దగ్గరికి వచ్చింది.

"ఈయన కంపెనీ మనిషి," అంది. రేపటి నుంచి టూరు లేదు, సాంబమూర్తి షరతు లేదు, చెప్పడానికి మనిషే ఉండడు. జనం ఎదురుచూస్తున్నారు.

"కాదు. కంపెనీ మనిషి కాదు. ఈయన పేరు పగిడయ్య. నా పెనిమిటి. నాలుగేండ్ల సంది అబద్ధం చెప్పిన. ఈయనకు నేనున్న. రేపు లారీల ఏసుకపోతరట. మీల ఎవరన్న ఆ దినం మైకుల మాట్లాడినోళ్ళు ఉంటే, దండం పెడత, ఒక్కసారి కట్ అనుండ్రి."

ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే ముందుకు వచ్చి కట్ అన్నారు. దమ్మపేట నుంచి వచ్చిన ఒక ముసలమ్మ అతని చేయి పట్టుకుని, సొంత కొడుకును లేపినట్టు మెల్లగా అంది. పగిడయ్య కదలలేదు. కళావతి అలవాటు కొద్దీ వేలితో లెక్కపెట్టింది. పదకొండు.

బండి దగ్గరికి వెళ్ళింది. వెనక సీట్లో అమ్మాయి చున్నీలో మొహం పెట్టుకుని ఏడుస్తోంది.

"నువ్వొక్కదానివే అనలేదు బిడ్డా."

"పోయిన నెల పేపర్లో ఫొటో చూశాను," అంది అమ్మాయి. "కింద ఎవరూ లేని మనిషి అని రాశారు. ఎవరూ లేకపోతే పర్వాలేదులే అనుకున్నాను. అయినా నిద్ర పట్టలేదు, వచ్చాను. వచ్చాక దిగడానికి భయమేసింది. మీరు చెప్పింది ఇక్కడికి వినపడింది." కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నా పేరు హర్షిత. అసిస్టెంటుగా అది నాకు మొదటి షూటింగు. మైకు నా చేతికిచ్చి యాక్షన్ చెప్పమన్నారు. చెప్పాను. తర్వాత వాన వచ్చింది, అందరూ పరుగెత్తారు, నేనూ పరుగెత్తాను."

నాలుగేళ్ళుగా ఈ గొంతు కోసం కళావతి కొన్ని మాటలు దాచిపెట్టుకుంది. మంచి మాటలు కావు. చెంప మీద ఒకటి ఇవ్వాలని కూడా ఉండేది. ఇప్పుడు కోపం రాలేదా అంటే వచ్చింది, గొంతు దాకా వచ్చింది. కానీ కట్ చెప్పాల్సిన నోరు అది ఒక్కటే.

"దిగు," అంది. చేయి అందించింది.

హర్షిత గుమ్మం ముందు నిలబడి, పెదాలు కదిలీ కదలనట్టు "కట్" అంది. ఏమీ జరగలేదు. అంతలోనే కళావతికి తట్టింది.

"గట్టిగ అను బిడ్డా. బొగ్గుబాయిల మిషను మోతకు చెవులు మందగించిన మనిషి."

"కట్!"

దర్బారు వెనక చెట్ల మీది కొంగలు లేచాయి. పగిడయ్య ముందు ఈటెను గోడకు ఆనించాడు. తర్వాత ముక్కు గోక్కున్నాడు. చాలాసేపు, కళ్ళు మూసుకుని, సుఖంగా గోక్కున్నాడు. అప్పుడు హర్షిత వైపు తిరిగి, పనివాడు యజమానిని అడిగినట్టు అడిగాడు.

"మేడం, షాట్ బాగొచ్చిందా? మళ్ళ తీస్తరా?"

కళావతి హర్షిత వంక చూసింది. ఆ పిల్ల తత్తరపాటులో ఏమంటుందో, ఇంకొక్క మాటతో అతను మళ్ళీ ఈటె అందుకుంటాడు. హర్షిత చున్నీతో మొహం తుడుచుకుంది.

"ఓకే అయింది. ప్యాకప్."

అతను గుమ్మం చాటుకు వెళ్ళి అంగరఖా విప్పి, నాలుగు మడతలు పెట్టి, రేకు టోపీతో కలిపి మెట్టు మీద పెట్టాడు. కంపెనీ సామాను కంపెనీకి. కళావతి సంచిలోంచి లుంగీ, నీలం చొక్కా తీసి ఇచ్చింది. చొక్కా అతనికి అప్పటిలాగే సరిపోయింది. ఆమె చెంపల దగ్గర నెరిసిన జుట్టును అతను దగ్గరగా చూశాడు. చూసి తల దించుకున్నాడు.

"అవ్వ పోయింది," అంది కళావతి.

"తెలుసు. నా ముంగటనే దించిండ్రు గద." గుండీలు పెట్టుకుంటున్నాడు. "అన్నీ వినపడుతుండె. ఐతారం ఐతారం నువ్వు పోయొస్తా అనేటిదానివి. పోయిరా అనాలని ఉండె. కట్ కాకపాయె."

ఆమె అడగకూడదనుకుంది. అడగకుండా ఉండలేకపోయింది. "మరి ఎవ్వరూ లేరు అని నేను చెప్పింది?"

"అది గూడ విన్న." చివరి గుండీ పెట్టుకున్నాడు. "ఇయ్యాల చెప్పింది గూడ విన్న."

బండిలో అందరూ ఎక్కారు. పగిడయ్య ఎక్కి, తల పైకప్పుకు తగులుతున్నా వంగి అలాగే నిలబడ్డాడు. నలుగురు జరిగి చోటిచ్చారు. అతను కూర్చోలేదు.

"కూసో," అంది కళావతి.

ఎవరు చెప్పారా అని ఒకసారి చూసి, కూర్చున్నాడు.

ఆమె డోరు దగ్గర నిలబడి వేలితో లెక్కపెట్టింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. మంగీలాల్ అద్దంలోంచి చూస్తున్నాడు.

"సరిపోయిందా అక్కా?"

"ఒకలు ఎక్కువున్నరు," అంది. "పోనియ్."