చేతులు ఖాళీ లేవు

పొద్దున్నే ఆకాశం మబ్బు పట్టింది గానీ చినుకు రాలలేదు. నీళ్ళ ఆఫీసులో వాల్వులు తిప్పే అతను ఆ రోజే ఉద్యోగం మానేస్తానని చెప్పాలనుకున్నాడు. పాత అధికారి చీటికీ మాటికీ నలుగురిలో తిట్టి అతని మనసు విరిచేశాడు. కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మదీ అదే తంతు అనుకున్నాడు.

ఆ ధ్యాసలో, నిదానంగా తిప్పాల్సిన వాల్వును గబగబా తిప్పేశాడు. ఒక్కసారిగా పెరిగిన నీటి ఒత్తిడికి వీధి మధ్యలో పైపు అతుకు ఊడి నీళ్ళు ఎగజిమ్మాయి. జనం ఖాళీ బకెట్లతో మీదికొచ్చారు.

"ఎవడ్రా తిప్పింది? అవి చేతులా, రోకళ్ళా?" అని ఒక ముసలాయన అరిచాడు.

ఇంజనీరమ్మ ముందుకొచ్చింది. "ఇక్కడి పనికి పూచీ నాది తాతయ్యా. తిట్టేదేదో నన్ను తిట్టండి. మధ్యాహ్నానికి నీళ్ళొస్తాయి."

తర్వాత వాల్వు కట్టించి, పైపు చుట్టూ మట్టి తవ్వించి, ప్యాంటు పైకి మడిచి ఆ గుంటలోకి దిగి పైపు ఎత్తి పట్టుకుంది.

అతను మరలు బిగిస్తూ గొంతు తగ్గించి, "తొందరపడింది నేనేనమ్మా," అన్నాడు.

"తెలుసన్నా. ఎందుకలా జరిగిందో రేపు కూర్చుని మాట్లాడుకుందాం. ముందు బిగించు, నా చేతులు పీకేస్తున్నాయి."

అతనితోపాటు పనిచేసే బావమరిది గట్టు మీంచి వంగి, "మానేస్తానన్నావుగా బావా, చెప్పవేం?" అని గుసగుసలాడాడు.

"చేతులు ఖాళీ లేవురా."

మధ్యాహ్నం వీధి కుళాయిల్లో నీళ్ళు పడ్డాయి. ఇంజనీరమ్మ పంపుగది మెట్ల మీద తన క్యారేజీ విప్పి వాళ్ళిద్దరి మధ్యకు జరిపింది.

"ఇప్పుడు ఖాళీయేగా బావా?" అని బావమరిది చెవిలో అడిగాడు.

అతను పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నోరు ఖాళీ లేదన్నట్టు ఎడమ చేత్తో బుగ్గ చూపించాడు.