వెళ్ళిపోయే పని

తెల్లవారకముందే జూరా ముందు, మొగుడు ఎషిమ్ వెనక, కొండవాలులో అర్చా పొదల మధ్య వంగి నడుస్తున్నారు. అతని భుజాన కెమెరా, ఆమె చేతిలో టీ ఫ్లాస్కు, రొట్టెల మూట. పొదల చాటున, పిట్టగూటికి ఎదురుగా, ఆకుపచ్చ గుడ్డతో కట్టిన చిన్న గుడారం ఉంది. ఇద్దరూ అందులో దూరారు. ఇక ఒకరే బయటికి రావాలి.

అదే ఆమె ఉద్యోగం. పిట్టలకు లెక్కలు రావు. ఇద్దరు వచ్చి ఒకరు పోతే, గుడారం ఖాళీ అయిందనుకుని గూటికి చేరతాయి. పోయే మనిషి బాగా కనబడాలని ఎషిమ్ ఆమెకు ఎర్ర తలగుడ్డ కొన్నాడు. మనసు పెట్టి ఆమెకు కొన్నది అదొక్కటే. సాయంత్రం మళ్ళీ ఆమే వచ్చి అతన్ని వెంటబెట్టుకు పోవాలి. ఒంటరిగా బయటపడితే పిట్టలు బెదిరి గూడు వదిలేస్తాయట.

గుడారంలో కూర్చునేది అతను, బందీ అయింది ఆమె. ఆ రెండు నడకల మధ్యనే ఆమె వేసవులన్నీ గడిచాయి. చెల్లెలి పెళ్ళికి పోలేదు, తల్లి పోయిన నలభయ్యో రోజు భోజనాలకూ పోలేదు. ఇంటి గోడల నిండా పిట్టల ఫోటోలే. ఒకదాని మూల ఆమె తలగుడ్డ ఎర్రగా పడితే, చెడిపోయిందని చించేశాడు.

ఈ రోజు నరీన్ పట్నంలో కూతురు నజీరా బిడ్డను ఉయ్యాలలో వేస్తున్నారు. అమ్మే వేయాలని కూతురు పట్టుబట్టింది. నిన్న రాత్రి ఆమె అడిగితే ఎషిమ్ లెన్సు తుడుచుకుంటూ, "గూట్లో పిల్లలకి రెక్కలొస్తున్నాయే. నాలుగు రోజులాగమను," అన్నాడు.

"ఎవర్ని ఆగమనను? ఉయ్యాలనా, పసిదాన్నా?"

అతను ఇంకో లెన్సు అందుకున్నాడు.

ఇప్పుడు వెలుతురు పడుతోంది. ఎదుటి కొమ్మ మీద నీలం, ఊదా కలిసిన బొటనవేలంత పిట్ట వాలింది. ఎషిమ్ కెమెరాకు కన్ను ఆనించాడు.

"ఏమయ్యా, నేను నరీన్ పోతున్నా," అని ఆమె గుసగుసలాడింది. "ఇక రాను. సాయంత్రం నువ్వే బయటికొచ్చెయ్."

"ష్!"

"వినబడిందా?"

"ష్... పిట్టే!" అన్నాడు, తల తిప్పకుండానే.

అతను చెడ్డవాడు కాడు. ఒక్కనాడూ చెయ్యెత్తలేదు. ఒక్కనాడూ ఆమె వైపు తల తిప్పి చూడనూ లేదు. ఒక్క మాటంటే ఆగిపోదామని ఆమె కాసేపు కూర్చుంది. కెమెరా టకటకలాడింది. ఫ్లాస్కు అతని మోకాలి పక్కన పెట్టి బయటికి పాకింది. అలవాటు కొద్దీ, పిట్టలకు కనబడేలా నిటారుగా, తొందర లేకుండా నడిచింది. రోజూ కనుమరుగయ్యే మలుపు దగ్గర తలగుడ్డ విప్పింది.

కింద రోడ్డు మీద ఊరివాడు తలాయ్ లారీ ఆపాడు. "ఏం వదినా, అన్న వదిలాడా?"

"చెప్పే వచ్చాను."

"ఏమన్నాడు?"

"నోరు మూసుకోమన్నాడు."

తలాయ్ పకపకా నవ్వాడు. ఆమె లారీ ఎక్కి తలుపు వేసుకుంది.

మధ్యాహ్నం ఆమె మనవరాలిని ఉయ్యాలలో పడుకోబెట్టి, వాళ్ళ ఆనవాయితీ ప్రకారం కదలకుండా గుడ్డ పట్టీలు కట్టింది. పిల్ల ఏడ్చింది. "రేపట్నుంచి నువ్వు మరీ బిగించకే," అని కూతురికి చెప్పి, తనే కాస్త వదులు చేసింది.

కొండ మీద పొద్దు వాలింది. ఎషిమ్ సామాను సర్దుకుని, గుడారం కంతలోంచి చూశాడు. మలుపులో ఎర్రగా కనబడింది. హమ్మయ్య అనుకుని ఎదురుచూశాడు. చీకటి ముసురుతున్నా ఆ ఎరుపు దగ్గరికి రాలేదు.

"జూరా! అక్కడే నిలబడ్డావేమే? రా!" అని గొంతెత్తి అరిచాడు.

గూటి మీది పిట్ట బెదిరి లేచిపోయింది. మలుపులో, అర్చా కొమ్మకు ముడివేసిన ఎర్ర తలగుడ్డ గాలికి ఊగుతోంది.