గట్టు మీద పడిన మందు

జూన్ వానల్లో ఎక్కడైనా గడ్డి ఎండుతుందా? మా పొలం గట్టు మీద ఎండింది. సోమవారం పొద్దున చూశాను. అప్పట్నుంచి నాకు కాలు నిలవలేదు, అన్నం సయించలేదు. ఎవరో గడ్డి మందు కొట్టారు.

రెండేళ్లుగా మా మడిలో చుక్క మందు పడలేదు. నాట్లయిన వారానికి నత్తల్ని వదులుతాం. నీళ్లలో మునిగున్న లేత గడ్డిని అవి తినేస్తాయి, పైకి తలెత్తిన వరి జోలికి పోవు. వాటికి చిక్కని ఊద గడ్డిని నేనే దిగి పీకుతాను. గట్టు గడ్డి మాత్రం కొడవలితో కోయాలి. ఈ ఏడు నా రెండు చేతులూ చాలక అది మోకాలెత్తు పెరిగింది. గురువారం తనిఖీ. నెగ్గితే మా బియ్యానికి సేంద్రియ ముద్ర పడుతుంది. గట్టున మందు పడిందని తెలిస్తే మళ్లీ మొదటికే.

కొరియా దక్షిణపు కొసన మా హెనామ్ పల్లెల్లో గట్టున గడ్డి పెరిగితే ఆ ఇంటి ఆడదాని పరువు పోయినట్టే. పక్క పొలం మల్సున్ పిన్ని దారిన పోయేవాళ్లందరికీ వినపడేలా అనేది, "ఆ గట్టు మీద పాములు పిల్లాపాపలతో కాపురం పెట్టాయమ్మా!" అని. మా అత్తగారు విని ఊరుకునేవారు. పదకొండేళ్లుగా ఆవిడకూ నాకూ అంతంత మాత్రమే.

నేరుగా పిన్ని మీదికే పోయాను.

"మందు కొట్టింది నువ్వేనా?"

"నీ గట్టుకి నా మందు తగలేస్తానా? నాకేం పిచ్చా?" అని ఆమె నామీదే లేచింది.

ఇక చేసేదేముంది? రెండు రోజులు వంచిన నడుం ఎత్తకుండా ఎండిన గడ్డినంతా మొదలంటా కోసి, మోసుకెళ్లి ఇంటి వెనక కప్పెట్టాను. అరుగు మీద వెల్లుల్లి ఒలుస్తూ అత్తగారు అడిగారు, "చచ్చిన గడ్డిని కోస్తావేమే?"

"మీరూరుకోండత్తయ్యా!" అని కసిరాను.

గురువారం అధికారి వచ్చాడు. మడిలో నీళ్లు చూశాడు, నత్తల్ని చూశాడు.

"గట్టు శుభ్రంగా ఉందే. కొడవలేనా?"

"కొడవలే," అన్నాను. అతను కాగితం మీద కలం పెట్టాడు.

అప్పుడే అత్తగారు బార్లీ నీళ్లు పట్టుకొచ్చారు. "కొడవలా! దానికి తీరికేదీ బాబూ? పొద్దస్తమానం మడిలోనే ఉంటుంది. నా కోడల్ని ఊళ్లో సోమరిపోతంటుంటే నా కడుపు మండిపోయింది. నేనే పంపు వీపున వేసుకుని మందు కొట్టాను. మడిలో చుక్క పడనిస్తే ఒట్టు!"

కలం ఆగింది. అతను నా వైపు చూశాడు. ముసలావిడకు మతి సరిగా లేదని ఒక్క మాట అంటే గండం గడిచిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. ఎనభై ఒక్కేళ్ల ఆవిడ భుజాన, పంపు పట్టీ ఒరుసుకున్న చోట తోలు లేచిపోయి ఉంది.

"నిజమేనండీ. మా అత్తగారు కొట్టారు, నేను కోసి దాచాను. రాసుకోండి," అన్నాను.

అత్తగారి ముఖం పాలిపోయింది. "నేనేమైనా తప్పు చేశానా ఏమిటే?"

"లేదత్తయ్యా," అన్నాను. ఏడుపు ఆపుకోవడం నావల్ల కాలేదు.