దిక్కు ఉన్న ముసలమ్మ

పక్షవాతంతో మంచాన పడ్డ అత్త గంగులమ్మను చూసుకోవడానికి మల్లేశ్వరమ్మ మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పని మానుకుంది. భర్త అంతకుముందే గనిలో బండ విరిగిపడి చనిపోయాడు. పిల్లలు లేరు. అత్తను లేపి కూర్చోబెట్టడం, కడగడం, తినిపించడంతోనే పొద్దుగూకేది.

1956లో రాష్ట్రం ఏర్పడిన కొన్నేళ్లకు, దిక్కులేని ముసలివాళ్లకు సర్కారు పింఛను ఇస్తుందని ఊళ్లో తెలిసింది. అది వస్తే పగటిపూట అత్తను పక్కింటి దానమ్మకు అప్పజెప్పి, ఆమెకింత ఇచ్చి, మళ్లీ పనికి పోవచ్చని మల్లేశ్వరమ్మ ఆశపడింది. కానీ చూసుకునే మనిషి ఉంటే ఇవ్వరట.

"ఎవరూ లేరని చెప్తాలే. విచారణకు ఆఫీసరొచ్చినప్పుడు నువ్వు కనపడమాకు" అంది గంగులమ్మ.

విచారణకు రెవిన్యూ ఇన్‌స్పెక్టరు చంద్రశేఖరరావు వచ్చేసరికి మల్లేశ్వరమ్మ తన చీరలు మూటగట్టుకుని దానమ్మ ఇంట్లో కూర్చుంది. మధ్యలో మట్టిగోడే. మాటలన్నీ వినపడుతున్నాయి.

"నీకెవరూ లేరా అవ్వా?"

"లేరు నాయనా. కొడుకు పోయినాడు."

"కోడలు?"

"అదీ పోయింది."

మల్లేశ్వరమ్మకు ఏడుపు రాలేదు. నిజంగానే పోయి ఉంటే ఎట్లా ఉండేదో అనిపించింది. బేస్తవారిపేటలో అన్న ఉన్నాడు. ఎన్నిసార్లు రమ్మన్నాడో!

అంతలో అవతలినుంచి "మల్లీ! పక్క తడిసిపోయిందే!" అని అత్త కేక.

దానమ్మ చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు పోవద్దమ్మా. ఆయన్ని పోనీ."

మల్లేశ్వరమ్మ కదల్లేదు. కదలకూడదనే అనుకుంది. గోడ అవతల అత్త సిగ్గుతో మూలుగుతోంది. ఆ మూలుగు భరించలేక చెయ్యి విడిపించుకుని వెళ్లింది. ఇన్‌స్పెక్టరును బయట నిలబడమని, అత్తకు చీర మార్చి, మంచం తుడిచింది.

"నువ్వెవరమ్మా?" అన్నాడాయన గడపలోనుంచి.

"కోడల్ని సార్."

ఆయన చేతిలోని కాగితాలు మడిచాడు. "నువ్వు లేకుంటే ఇప్పించేవాణ్ణి" అన్నాడు, బాధగానే.

"నేను పనికిపోతే ఈమెను చూసేదెవరు సార్? చూసేవాళ్లకేమీ ఇయ్యరా?"

"అట్లాంటిది లేదమ్మా."

ఆయన వెళ్లగానే గంగులమ్మ విరుచుకుపడింది. "ఎందుకొచ్చినావే? ఇంకాసేపు తడిలో ఉంటే చస్తానా?"

మల్లేశ్వరమ్మ తడి బట్టలు తీసుకుని ఉతకడానికి పోయింది. పింఛను రాలేదు. మోదుగాకులు తెప్పించుకుని, మంచం పక్కనే కూర్చుని విస్తళ్లు కుట్టి దుకాణాలకు వేయసాగింది.

ఆ తర్వాత గంగులమ్మ అవసరమొచ్చినా పిలవడం మానేసింది. దాంతో ఉతకాల్సిన బట్టలు ఇంకా పెరిగాయి.

"పిలిస్తే ఏం పోతుంది అత్తా?" అని కసిరితే, ముసలామె కళ్లు మూసుకుని నిద్ర నటించేది.