ఏం లేవు అత్తయ్యా

పిట్టల పిచ్చి అత్తగారికి ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా చేసే రోజుల్లోనే పట్టుకుంది. డ్యూటీ దిగి ఇంటికి రాకుండా, బస్సెక్కి నేరుగా సముద్రం ఒడ్డున ఉన్న చిత్తడి నేలలకి వెళ్ళిపోయేదట. చలికాలం వస్తే ఎక్కడెక్కడి పిట్టలో అక్కడి ఉప్పునీటి మడుగుల్లో దిగుతాయి. ఉద్యోగం అయిపోయి, మామగారు పోయాక, ఆవిడకి ఆ చలికాలపు ఆదివారాలే మిగిలాయి. వీధిలో అందరూ నర్సమ్మగారనేవారు. మాట మాత్రం కత్తెరే.

తర్వాత చూపు పోవడం మొదలైంది. ఎవరి ముఖం చూసినా సరిగ్గా ముఖం మీదే నల్లటి మచ్చ నిలబడుతోందని, అంచుల్లో కాస్త మసకగా తెలుస్తోందని చెప్పింది. ఇది ఆపరేషన్‌తో బాగయ్యేది కాదన్నాడు కళ్ళ డాక్టరు.

“అయితే ఏమైంది? చూసి చెప్పడానికి కోడలు లేదూ?” అంది ఆవిడ, కోడల్ని అడక్కుండానే.

కోడలు కొరియర్ ఆఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. వారమంతా నిలబడి పార్సిళ్ళు తూచడం, సరుకు అందలేదని అరిచేవాళ్ళకి సర్దిచెప్పడం. ఆదివారం ఒక్కటే ఆమెది. మొగుడు లిఫ్టు మెకానిక్. “ఎక్కడ ఏ లిఫ్టు ఆగిపోతుందో ఏమో, నాకెలా కుదురుతుంది? నువ్వే తీసుకెళ్ళు” అని ముసుగు తన్నేవాడు. ఆదివారం పొద్దున్నే ఆగిపోయిన లిఫ్టు ఒక్కటీ ఆమెకి గుర్తులేదు.

మొదటి చలికాలం ఆమె మనసుపెట్టే చూసింది. మడుగు కట్ట మీద కారాపి, బైనాక్యులర్స్ కళ్ళకి ఆనించుకుని చెప్పేది.

“అక్కడ బురదలో ఏవో చిన్నచిన్న పిట్టలున్నాయి అత్తయ్యా.”

“ఏవో అంటే? కాళ్ళు నల్లగా ఉన్నాయా, పచ్చగా ఉన్నాయా?”

“పచ్చగా... కాదు, నల్లగా.”

“ముందు చూడు, తర్వాత మాట్లాడు. థియేటర్లో నీలాంటిదుంటే పేషెంటు కడుపులో కత్తెర మర్చిపోయేది.”

కోడలు పళ్ళు బిగబట్టి మళ్ళీ చూసేది. అలా తిట్లు తింటూనే ఉల్లంకి పిట్టలేవో, తెడ్డుమూతి బాతులేవో, సూదిలాంటి తోకతో తేలేవేవో పోల్చుకోవడం నేర్చుకుంది. ఒక్కసారీ అత్తగారి నోట “బాగా చెప్పావు” అన్న మాట మాత్రం రాలేదు.

రెండో చలికాలం, ఒక ఆదివారం. ముందురోజు ఆఫీసులో ఎవడో పగిలిన పార్సిల్ మొహాన విసిరినంత పని చేశాడు. ఒళ్ళు వెచ్చగా ఉంది. మొగుడితో మాటామాటా అయింది. కట్ట దగ్గరికి వచ్చేసరికి మంచు విడిపోతోంది. మడుగు నిండా బాతులు, చడీచప్పుడూ లేకుండా దూరంగా తేలుతున్నాయి.

“ఏం వచ్చాయే?” అంది అత్తగారు, కారు అద్దం వైపు ముఖం పెట్టి.

కోడలు బైనాక్యులర్స్ ఒళ్ళోంచి ఎత్తనైనా ఎత్తలేదు.

“ఏం లేవు అత్తయ్యా.”

“ఒక్కటీ?”

“ఒక్కటీ లేదు.”

“పద అయితే” అంది అత్తగారు. ఎండెక్కకుండానే ఇంటికొచ్చేశారు. కోడలు మధ్యాహ్నం దాకా పడుకుంది. ఎంత సుఖంగా ఉందో!

పై ఆదివారం కూడా అదే మాట చెప్పింది. ఈసారి చెప్పేముందు కొంచెం తటపటాయించింది. ఆ తర్వాత అదీ లేదు. ఓసారి మాత్రం అత్తగారు చెవి ఒగ్గి, “ఏదో కూసినట్టుందే?” అంది. “కొంగలే, ఎప్పుడూ ఉండేవి” అని కోడలు కారు తిప్పేసింది.

“నీళ్ళు పాడైపోయుంటాయి. ఇక రావులే” అంది అత్తగారు దారిలో. తిట్టలేదు, విసుక్కోలేదు. ఆ తర్వాత ఆదివారం బయల్దేరడానికి స్వెట్టరైనా వేసుకోలేదు. మంచం దిగడానికే బద్ధకించేది. ఫోన్లో పలకరించిన ప్రతివాళ్ళకీ పిట్టలు రావడం మానేశాయని చెప్పేది, ఇంట్లో మనిషి పోయినట్టు. రెండు మెతుకులు కతికి కంచం పక్కకి జరిపేది. కోడలికి నిజం చెప్పేద్దామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. ఇన్ని వారాల అబద్ధాన్ని ఏ మొహం పెట్టుకుని విప్పాలో తెలియక మింగేసేది.

ఒక సాయంత్రం డ్రాయింగు మేష్టారు వచ్చాడు. అత్తగారితో కలిసి ఏళ్ళ తరబడి పిట్టల్ని చూసినాయన. మోకాలి ఆపరేషనై ఇన్నాళ్ళూ ఊరికి దూరంగా కూతురి దగ్గరున్నాడు.

“ఏంటి నర్సమ్మగారూ, ఈ ఏడాది జాతర చూశారా? మొన్న వెళ్ళాను. నీళ్ళు కనబడితే ఒట్టు! ఇన్ని బాతులు నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు.”

టీ తెస్తున్న కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. అత్తగారి ముఖం ఆమె వైపు తిరగలేదు.

“ఆ, మా అమ్మాయి చెబుతూనే ఉంది” అంది నెమ్మదిగా. “నాకే ఓపిక లేక వెళ్ళడం మానేశాను.”

మేష్టారు వెళ్ళాక గ్లాసులు తీస్తూ అంది కోడలు. “అత్తయ్యా... ఆదివారం వెళ్దాం. నేను చూసి చెబుతాను.”

“చెబుతావు. నేను నమ్మొద్దూ?”

“ఒంట్లో బాగోక, ఆ రోజు ఏదో...”

“రానని నాతో అనాల్సింది. రెండు తిట్టి ఊరుకునేదాన్ని. చీకట్లో ఉన్నదాని దగ్గర వెలుగు దాస్తావుటే?”

కోడలు ఏడ్చింది. ఆవిడ ఓదార్చలేదు, మళ్ళీ ఆ మాట ఎత్తనూ లేదు, కొడుక్కి చెప్పనూ లేదు.

ఇప్పుడు ఆదివారం పొద్దున్న మేష్టారి కారు వచ్చి హారన్ కొడుతుంది. కోడలు చెయ్యి అందించబోతే, “మెట్లు నాకు తెలుసు” అని గోడ పట్టుకుని దిగిపోతుంది అత్తగారు.

“నీ పీడ విరగడైంది కదా, హాయిగా పడుకో” అంటాడు మొగుడు. ఆమె పడుకునే ఉంటుంది, కళ్ళు తెరుచుకుని.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తగారు కొడుక్కి చెబుతుంది, ఏవి వచ్చాయో, ఏవి వెళ్ళిపోవడానికి గుంపు కడుతున్నాయో, సూదితోకవి ఎన్ని బారులు తీరాయో. కొడుకు ఫోన్ చూసుకుంటూ “ఊఁ” కొడతాడు. ఆ మాటల్లో ఒక్క ముక్క అతనికి తెలియదు. తెలిసినావిడ పక్కనే నిలబడి వడ్డిస్తుంటుంది. అత్తగారు అన్నం చాలని ఆమెకి చేత్తోనే సైగ చేస్తుంది.